మీటల అడుగున ఇంకో కంప్యూటర్

‘స్త్రీ’ అన్న మాట ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో టైపు చేయాలంటే ఆరు కీలు నొక్కాలి. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. మొదటి పొల్లు పడకపోతే ‘సత్రీ’ అవుతుంది. రెండోది పడకపోతే ‘స్తరీ’ అవుతుంది. ఒక కీ రెండుసార్లు పడ్డా అంతే, అక్షరం విరిగిపోతుంది. రోజూ పది పేజీల తెలుగు కొట్టేవాళ్లకు కీబోర్డు నమ్మకంగా ఉండటం ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు. నేను ఈ విషయంలోకి దిగడానికి కారణం అదే. కీ సరిగ్గా నొక్కినా అక్షరం సరిగ్గా పడకపోతే తప్పు వేలిది కాకపోవచ్చు, కీది కూడా కాకపోవచ్చు. ఆ రెంటికీ కింద ఉన్న ప్రోగ్రాముది కావచ్చు. ఆ ప్రోగ్రామునే ఫర్మ్‌వేర్ అంటాం.

మా అక్క కొడుకు ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు చవకలో ఒక ల్యాప్‌టాప్ కొన్నాం. విండోస్ లేకుండా వచ్చింది కాబట్టి నాలుగైదు వేలు తగ్గింది. ఉబుంటు వేశాం. అంతా బాగానే ఉంది, టచ్‌ప్యాడ్ ఒక్కటే పేచీ పెట్టింది. వేలు ఆనించి ఊరుకుంటే బాణం దానంతటదే వణికేది. సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే, దానికి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉంది, కానీ ఆ ఫైల్ విండోస్‌లోనే నడుస్తుంది, విండోస్ వేసుకుని రండి అన్నారు. చివరికి నా దగ్గరున్న పాత డిస్కులో విండోస్ వేసి, దాన్ని ఆ ల్యాప్‌టాప్‌కు బిగించి, అప్‌డేట్ ఎక్కించి, మళ్లీ అసలు డిస్కు పెట్టాం. రెండు నిమిషాల పనికి ఒక ఆదివారం పోయింది. వణుకు మాత్రం పోయింది. అంటే మందు ఉంది, పనిచేసే మందే. లినక్స్ వాడేవాడి చేతికి అందే దారి లేదంతే. చవక ల్యాప్‌టాప్‌లలో కీబోర్డు, టచ్‌ప్యాడ్ ఫర్మ్‌వేర్ కథంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతోంది.

ముందు లోపల ఏముందో చూద్దాం. కీబోర్డులో ఒక్కో కీకి ఒక్కో తీగ ఉండదు. అడ్డం గీతలు, నిలువు గీతలుగా తీగలు అల్లి ఉంటాయి. కీ నొక్కితే ఒక అడ్డగీత, ఒక నిలువుగీత కలుస్తాయి. ఒక చిన్న చిప్ సెకనుకు కొన్ని వందలసార్లు ఈ గీతలన్నిటినీ వరసగా తడిమి, ఎక్కడ కలిశాయో చూసుకుంటుంది. పైగా కీ నొక్కినప్పుడు లోపలి పొర ఒక్కసారిగా ఆనదు. కొన్ని మిల్లీసెకన్లపాటు తగిలీ తగలక తడబడుతుంది. ఆ తడబాటును నాలుగు నొక్కులుగా లెక్కపెట్టకుండా ఒక్కటిగా గుర్తించడం కూడా ఆ చిప్ పనే. అక్కడ లెక్క కాస్త తప్పితే మన ‘త’ ‘తత’ అవుతుంది.

ఇది కొత్త ఏర్పాటు కాదు. 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడే దాని కీబోర్డులో ఇంటెల్ 8048 అనే మైక్రోకంట్రోలర్ ఉంది. 1984లో వచ్చిన పీసీ ఏటీ మదర్‌బోర్డు మీద కీబోర్డు కోసమే 8042 అనే చిప్ పెట్టారు. ఆ చిప్ కనుమరుగై ఎన్నేళ్లయినా, ఈ రోజుకీ చాలా ల్యాప్‌టాప్‌లలో లినక్స్ మొదలవుతున్నప్పుడు తెర మీద పరుగెత్తే వరసల్లో ఐ8042 అన్న పేరు కనిపిస్తుంది. నలభై ఏళ్లకు పైబడిన చిప్‌లాగా కొత్త చిప్ ఇంకా నటిస్తోంది, కెర్నెల్ ఇంకా దానితో ఆ పాత భాషలోనే మాట్లాడుతోంది. అప్పటి చిప్‌లో ప్రోగ్రాము ఫ్యాక్టరీలో అచ్చు పోసినట్టు ఉండిపోయేది, మార్చే వీలే లేదు. ఇప్పటివాటిలో ఫ్లాష్ మెమరీ ఉంటుంది, చెరిపి మళ్లీ రాయొచ్చు. దాంతో తప్పుల్ని దిద్దే అవకాశం వచ్చింది. దిద్దబోయి చెడగొట్టే ప్రమాదమూ వచ్చింది.

ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఈ అమరిక ముఖ్యంగా రెండు రకాలు. ఇంటెల్, ఏఎండీ ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ భాగం కీబోర్డు తీగలు ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిప్‌కు వెళతాయి. బ్యాటరీ చార్జింగ్, ఫ్యాను వేగం, పవర్ బటన్ చూసుకునేది కూడా అదే. కాబట్టి కీబోర్డు ఫర్మ్‌వేర్ విడిగా దొరకదు, బయోస్ అప్‌డేట్‌తో కలిసే వస్తుంది. టచ్‌ప్యాడ్‌కు వేరే చిప్, వేరే ఫర్మ్‌వేర్ ఉంటాయి. రెండో రకం, లోపల యూఎస్‌బీ కీబోర్డు పెట్టినవి. మనం బయట తగిలించుకునే కీబోర్డు లాంటిదే, తీగ మాత్రం కేసు లోపల ఉంటుంది. ఆర్మ్ ప్రాసెసర్‌తో వచ్చే చవక లినక్స్ ల్యాప్‌టాప్‌లకు ఈ దారి సులువు. వాటిలో బాగా చర్చకు వచ్చినది పైన్‌బుక్ ప్రో.

పైన్64 అనే సంస్థ 2017లో 99 డాలర్లకు పైన్‌బుక్ అనే ల్యాప్‌టాప్ తెచ్చింది. 2019లో దాని తర్వాతి రూపం పైన్‌బుక్ ప్రో వచ్చింది. ధర 199 డాలర్ల చిల్లర. ఆరు కోర్ల రాక్‌చిప్ ఆర్‌కే3399 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ, 14 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర, మెగ్నీషియం మిశ్రమంతో చేసిన ఒళ్లు. ఆ ధరకు అంత సరుకు అరుదు. సాఫ్ట్‌వేర్ బాధ్యతను కంపెనీ చాలావరకు వాడకందారుల సమూహానికే వదిలింది. ఆ ధర అలాగే సాధ్యమైంది. ఈ ఒప్పందం కొనేవాళ్లకు ముందే తెలుసు కనుక తప్పు పట్టలేం. అయితే తొలి విడతల్లో ఇళ్లకు చేరిన మెషీన్లలో టచ్‌ప్యాడ్ బాగా విసిగించింది. వేలు మెల్లగా జరిపితే బాణం కదిలేది కాదు. ఇంకాస్త జరిపితే ఒక్కసారిగా దూకేది. చిన్న గుర్తు మీద గురి పెట్టడం, రెండు అక్షరాల మధ్య కర్సర్ నిలపడం పెద్ద పని అయిపోయేది. టైపు చేస్తుంటే అరచెయ్యి తగిలి కర్సర్ ఇంకో పేరాలోకి పోయేది. వాడకందారులు ముందు లినక్స్ సెట్టింగులన్నీ తిప్పి చూశారు. కొంత ఊరట దొరికింది గానీ, చిప్పే పంపని కదలికను పైనున్న సాఫ్ట్‌వేర్ ఎక్కడినుంచి తెస్తుంది? జబ్బు ఫర్మ్‌వేర్‌లోనే ఉందని తేలింది.

ఈ ల్యాప్‌టాప్‌లో కీబోర్డును చూసుకునేది సైనో వెల్త్ అనే చైనా సంస్థ చేసిన ఎస్‌హెచ్68ఎఫ్83 అనే చిప్. టచ్‌ప్యాడ్ కూడా నేరుగా ప్రాసెసర్‌కు తగిలి ఉండదు, ఈ కీబోర్డు చిప్ వెనకాలే ఉంటుంది. ప్రాసెసర్‌కు రెండూ కలిసి ఒకే యూఎస్‌బీ పరికరంలా కనిపిస్తాయి. చూడ్డానికి ముచ్చటైన పొదుపు. అప్‌డేట్ దగ్గరకొచ్చేసరికి ఈ పొదుపే చిక్కు తెచ్చిపెట్టింది. టచ్‌ప్యాడ్‌లో కొత్త ప్రోగ్రాము రాయాలంటే కీబోర్డు చిప్‌ను దాటాలి. మామూలుగా కీబోర్డు చిప్‌లో ఉండే ప్రోగ్రాముకు ఆ దారి ఇవ్వడం తెలియదు. అందుకని సమూహంలోని ఒక డెవలపర్ కంపెనీ ఇచ్చిన ఫైళ్లను తీసుకుని, లినక్స్‌లోనే నడిచే అప్‌డేటర్ ఒకటి రాశాడు. దాని సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో పెట్టాడు. మా అక్క కొడుకు ల్యాప్‌టాప్‌తో పోలిస్తే ఇది ఎంత పెద్ద తేడానో ఆలోచించండి. విండోస్ ఊసే లేదు.

పని రెండు మెట్లలో జరుగుతుంది. మొదటి మెట్టులో కీబోర్డు చిప్‌లోకి తాత్కాలికమైన ప్రోగ్రాము ఒకటి ఎక్కుతుంది. దాని పని టచ్‌ప్యాడ్‌కు దారి తెరవడమే. అప్పుడు రీబూట్ చేయాలి. రెండో మెట్టులో టచ్‌ప్యాడ్‌కు కొత్త ఫర్మ్‌వేర్ రాసి, కీబోర్డుకు దాని అసలు ప్రోగ్రామును తాజా రూపంలో తిరిగి ఎక్కించాలి. మళ్లీ రీబూట్. కమాండ్లు రెండే, ఒక్కొక్కటీ ఒక వరస. చదవడానికి ఇంత తేలిక.

చేసేటప్పుడు అంత తేలిగ్గా అనిపించదు. ఒక మిత్రుడి పైన్‌బుక్ ప్రోకు ఈ పని చేసిన సాయంత్రం నాకు బాగా గుర్తుంది. ముందు ఎంటర్ కీ ఆకారం చూశాం. ఈ ల్యాప్‌టాప్ రెండు రకాల కీబోర్డులతో వచ్చింది. ఎంటర్ కీ రెండు వరసల ఎత్తున ఉండి, ఎడమ షిఫ్ట్ పొట్టిగా, దాని పక్కన ఇంకో కీ ఉంటే అది ఐఎస్‌ఓ. ఎంటర్ అడ్డంగా ఒకే వరసలో ఉంటే ఏఎన్‌ఎస్‌ఐ. ఒకదాని ఫైల్ రెండోదానికి సరిపోదు. కమాండులో ఆ రకం పేరు మనమే రాయాలి, ప్రోగ్రాము తనంతట తాను కనిపెట్టదు. మిత్రుడిది ఏఎన్‌ఎస్‌ఐ. చార్జర్ తగిలించాం, బ్యాటరీ నిండుగా ఉందో లేదో కూడా చూశాం, ఎందుకంటే మా వీధిలో కరెంటును నమ్మలేం. బయటి యూఎస్‌బీ కీబోర్డు, మౌసు తగిలించి, అవి పనిచేస్తున్నాయని నాలుగు అక్షరాలు కొట్టి చూశాకే మొదలుపెట్టాం.

ఆ బయటి కీబోర్డు లేకపోతే ఏమవుతుందో మొదటి మెట్టు అయ్యాక అర్థమైంది. రీబూట్ అయింది, లాగిన్ తెర వచ్చింది, పాస్‌వర్డ్ అడిగింది. లోపలి కీబోర్డు చిప్‌లో అప్పుడు ఉన్నది తాత్కాలిక ప్రోగ్రాము. మనం టైపు చేయడానికి చేసింది కాదది. పాస్‌వర్డ్ కొట్టలేకపోతే లోపలికి వెళ్లలేం, లోపలికి వెళ్లకపోతే రెండో మెట్టు ఎక్కలేం. డిస్కుకు ఎన్‌క్రిప్షన్ పెట్టుకున్నవాళ్లకైతే లాగిన్ దాకా కూడా రాదు, ఆ ముందే ఆగిపోతుంది. సూచనల్లో ‘బయటి కీబోర్డు దగ్గర పెట్టుకోండి’ అన్న ఒక్క వాక్యం ఉంటుంది. చాలామంది దాన్ని మర్యాదకు రాసిన మాటగా చదివి దాటేస్తారు. ఆ పని మొత్తంలో అన్నిటికంటే విలువైన వాక్యం అదే. మేం బయటి కీబోర్డుతో పాస్‌వర్డ్ కొట్టి, రెండో కమాండు ఇచ్చి, తెర మీద వరసలు పూర్తయ్యేదాకా ల్యాప్‌టాప్ మూత మీద చెయ్యి కూడా వేయలేదు. మళ్లీ ఆన్ చేశాక వేలు వెంట్రుకవాసి జరిపితే బాణం వెంట్రుకవాసి జరిగింది. మిత్రుడు చాలాసేపు ఊరికే బాణాన్ని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు.

ఈ ఫర్మ్‌వేర్ గురించి ఇంకో విషయం చెప్పాలి. పైన్‌బుక్ ప్రోలో మైకు, వైఫై, కెమెరాలకు గోప్యత స్విచ్చులున్నాయి. పైన్ గుర్తున్న కీతోపాటు ఎఫ్10, ఎఫ్11, ఎఫ్12లలో ఒకదాన్ని మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే ఆ పరికరానికి కరెంటే ఆగిపోతుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌తో సంబంధం లేదు. ఆ నిర్ణయం తీసుకునేదీ, గుర్తుపెట్టుకునేదీ కీబోర్డు చిప్. క్యాప్స్ లాక్, నమ్ లాక్ దీపాలు రెండుసార్లు మెరిస్తే ఒక అర్థం, మూడుసార్లు మెరిస్తే ఇంకో అర్థం. తెలియక ఆ కీలు నొక్కి వైఫై పోగొట్టుకుని, డ్రైవర్లు తిరగేస్తూ రాత్రిళ్లు గడిపినవాళ్లు చాలామంది. కీబోర్డు ఫర్మ్‌వేర్ అంటే అక్షరాలు పంపే చిన్న పనే కదా అనుకోకూడదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. యజమాని గోప్యత కూడా ఆ చిప్ చేతిలోనే ఉంది.

అంత బాధ్యతున్న ప్రోగ్రాము సోర్స్ మాత్రం కంపెనీ ఇవ్వలేదు. అప్‌డేటర్ కోడ్ చదవొచ్చు. అది ఎక్కించే ఫైళ్లు మాత్రం అంకెల మూటలే. తర్వాత కొందరు ఔత్సాహికులు ఆ మూటలను విప్పి చదివి, కీల అమరిక మార్చుకునే వీలున్న సవరించిన ఫర్మ్‌వేర్‌లు తయారుచేశారు. మెచ్చుకోవాల్సిన శ్రమ అది. అయితే తయారీదారు సోర్స్ ఇచ్చి ఉంటే ఆ శ్రమలో సగం తప్పులు దిద్దడానికి ఖర్చయ్యేది, ఊహలకు కాదు.

నా ఉద్దేశంలో అసలు లోపం సోర్స్ లేకపోవడం కంటే పెద్దది. అప్‌డేట్ మధ్యలో ఆగితే వెనక్కి రావడానికి ముందే వేసిపెట్టిన దారి యజమాని చేతిలో ఉందా అన్నదే అసలు ప్రశ్న. దీనికి జవాబు అదే కంపెనీ తర్వాత తెచ్చిన ఇంకో వస్తువులో దొరుకుతుంది. 2021 చివర, 2022 మొదట్లో ఆ కంపెనీ ఫోను పైన్‌ఫోన్‌కు తగిలించుకునే కీబోర్డు వచ్చింది. ధర 50 డాలర్లు. అందులో కూడా పైన్‌బుక్ ప్రో కీబోర్డులో ఉన్న జాతి చిప్పే. దానికి ఒక స్వతంత్ర డెవలపర్ ఫర్మ్‌వేర్ రాసి సోర్స్‌తో సహా విడుదల చేశాడు. చిప్ మెమరీని రెండు భాగాలు చేసి, ఒకదాంట్లో ఫ్యాక్టరీ ప్రోగ్రామును కదపకుండా ఉంచి, రెండోదాన్ని వాడకందారుకు వదిలాడు. కొత్తగా ఎక్కించింది పనిచేయకపోతే పాతదానితో లేచి నిలబడొచ్చు. 50 డాలర్ల కీబోర్డుకు కుదిరిన పని 200 డాలర్ల ల్యాప్‌టాప్‌కు కుదరదా? చవక కాబట్టి ఇంతే అన్న వాదన నాకు అందుకే నచ్చదు. ఇది డబ్బుకు సంబంధించింది కాదు, ముందే ఆలోచించి పెట్టడానికి సంబంధించింది.

క్రోమ్‌బుక్‌లు ఇంకా బలమైన ఉదాహరణ. వాటిలో చాలావరకు చవకైనవే, లోపల ఉన్నది లినక్స్ కెర్నెలే. కీబోర్డు చూసుకునే ఎంబెడెడ్ కంట్రోలర్ ఫర్మ్‌వేర్ సోర్స్‌ను గూగుల్ బహిరంగంగా ఉంచింది. అందులో ఒక భాగం చదవడానికి మాత్రమే, రెండో భాగం అప్‌డేట్‌కు. రెండోది పాడైతే మొదటిది బండిని నడుపుతుంది. టచ్‌ప్యాడ్ ఫర్మ్‌వేర్ సంగతి యజమానికి తెలియనే తెలియదు. బూట్ అయ్యేటప్పుడు వెర్షన్ చూసుకుని, పాతదైతే సిస్టమే కొత్తది రాసుకుంటుంది. బడిపిల్లల చేతుల్లో నలిగే మెషీన్లకు ఇంత జాగ్రత్త పెట్టారు. వీటికీ ఒక పరిమితి ఉంది, అప్‌డేట్లకు గడువు తేదీ ఉంటుంది. ఆ గడువును పదేళ్లకు పెంచుతున్నట్టు 2023లో గూగుల్ ప్రకటించింది. గడువు దాటాక మాత్రం ఆ సౌకర్యం ఆగిపోతుంది.

మామూలు లినక్స్ పంపిణీలకు ఇలాంటి దారి వేసింది ఎల్‌వీఎఫ్‌ఎస్. రెడ్ హ్యాట్‌లో పనిచేసే రిచర్డ్ హ్యూస్ 2015 ప్రాంతంలో మొదలుపెట్టిన సేవ ఇది. తయారీదారు తన ఫర్మ్‌వేర్‌ను అక్కడ పెడితే, మన కంప్యూటర్‌లోని ఎఫ్‌డబ్ల్యూఅప్‌డీ అనే ప్రోగ్రాము దాన్ని తెచ్చి, సంతకం సరిచూసి ఎక్కిస్తుంది. డెల్ మొదట్లోనే వచ్చింది, లెనోవో 2018లో చేరింది. ఎలాన్, సినాప్టిక్స్ టచ్‌ప్యాడ్‌లకు అందులో ప్రత్యేకమైన ఏర్పాట్లున్నాయి. కెర్నెల్‌లోని డ్రైవర్లలోనే ఎలాన్ టచ్‌ప్యాడ్ ఫర్మ్‌వేర్ రాసే వీలుంది. అంటే లినక్స్ వైపు తలుపు తీసే ఉంది. అవతలివైపు నుంచి రావలసినవాళ్లలో కొందరే వచ్చారు. వ్యాపార సంస్థలకు అమ్మే ఖరీదైన మోడళ్లు అక్కడ ఎక్కువగా కనిపిస్తాయి. అదే కంపెనీ చవక మోడల్ కోసం వెతికితే చాలాసార్లు దొరకదు. కాలేజీ పిల్లలు కొనేది చవక మోడలే.

ఫర్మ్‌వేర్‌ను ముట్టుకోకుండా పైనుంచి సర్దుకునే పద్ధతులు కూడా లినక్స్‌లో ఉన్నాయి. కీ ఒకటి తప్పు సంకేతం పంపుతుంటే యూడెవ్ పట్టికలో ఒక వరస రాసి దిద్దొచ్చు. టచ్‌ప్యాడ్ నొక్కుడు కొలతలు తప్పుగా చెబుతుంటే లిబ్‌ఇన్‌పుట్‌లో ఆ మోడల్‌కు సవరణ పెట్టొచ్చు. 2023లో వచ్చిన 6.3 కెర్నెల్‌తో హెచ్‌ఐడీ బీపీఎఫ్ అనే పద్ధతి మొదలైంది. పరికరం పంపే తప్పుడు సమాచారాన్ని కెర్నెల్‌లోకి వచ్చే దారిలోనే ఒక చిన్న ప్రోగ్రాముతో సరిచేయొచ్చు, కెర్నెల్‌ను మళ్లీ కంపైల్ చేయనక్కర్లేదు. ఇవి అపాయంలేని మార్గాలు, నచ్చకపోతే తీసేయొచ్చు. ముందు వీటిని ప్రయత్నించాకే ఫ్లాష్ జోలికి వెళ్లమని ఎవరడిగినా చెబుతాను. కానీ వీటి హద్దు ఇందాక చెప్పిందే. చిప్ పంపిన దాన్ని సరిచేయగలవు గాని, పంపని దాన్ని పుట్టించలేవు.

ఫర్మ్‌వేర్‌ను సులువుగా మార్చే వీలుంటే దొంగలకూ సులువు కాదా అన్న ప్రశ్న న్యాయమైనదే. 2009లో బ్లాక్ హ్యాట్ సదస్సులో యాపిల్ కీబోర్డు ఫర్మ్‌వేర్‌ను మార్చి చూపించారు. 2014లో అదే సదస్సులో కార్‌స్టెన్ నోల్, యాకోబ్ లెల్ ‘బ్యాడ్‌యూఎస్‌బీ’ పేరుతో మామూలు పెన్‌డ్రైవ్‌ను కీబోర్డులా నటింపజేశారు. కీబోర్డు మాటను కంప్యూటర్ అనుమానించదు, అందుకే ఇది తీవ్రమైన విషయం. పైన్‌బుక్ ప్రో చిప్ కూడా ఏ ఫైల్ ఇచ్చినా తీసుకుంటుంది, సంతకం అడగదు. దీనికి విరుగుడుగా తయారీదారు తాళం వేసి తాళంచెవి తన దగ్గరే ఉంచుకోవడాన్ని నేను ఒప్పుకోను. ఆ కంపెనీ మూతపడిన రోజు ఆ కీబోర్డు తప్పులు శాశ్వతమైపోతాయి. పాత క్రోమ్‌బుక్‌లలో ఒక చక్కటి ఏర్పాటు ఉండేది. రక్షిత భాగాన్ని రాయాలంటే అడుగుమూత విప్పి ఒక స్క్రూ తీయాలి. దూరంనుంచి వచ్చే దొంగ స్క్రూ తీయలేడు, యజమాని తీయగలడు. చవకైన ఏర్పాటు, అందరికీ అర్థమయ్యే ఏర్పాటు. ప్రతి ల్యాప్‌టాప్‌లో అలాంటిది ఒకటి ఉండాలి.

చట్టాలు ఇప్పుడిప్పుడే ఇటు చూస్తున్నాయి. యూరప్‌లో సైబర్ రెసిలియెన్స్ చట్టం 2024 డిసెంబర్‌లో అమల్లోకి వచ్చింది, దానిలోని ప్రధానమైన బాధ్యతలు 2027 డిసెంబర్ నుంచి వర్తిస్తాయి. అమ్మిన వస్తువుకు భద్రతా అప్‌డేట్లు ఇవ్వడం తయారీదారు బాధ్యత అవుతుంది. మన దేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసింది, ఆ ఏడాది డిసెంబర్‌లో ఒక పోర్టల్ తెరిచింది. విడిభాగాలు, సర్వీస్ సెంటర్ల వివరాలు అందులో చేరుతున్నాయి. ఫర్మ్‌వేర్ ఫైల్ కూడా విడిభాగమే అన్న స్పృహ ఆ చర్చలోకి ఇంకా రావాలి.

సికింద్రాబాద్‌లో పార్క్‌లేన్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లినవాళ్లకు ఈ మాట వెంటనే తెలుస్తుంది. అక్కడ చిప్ లెవెల్ సర్వీస్ చేసే కుర్రాళ్లు బయోస్ చిప్‌కు క్లిప్ తగిలించి, ప్రోగ్రామర్‌తో చదివి, కొత్త ఫైల్ రాసి, చచ్చిందనుకున్న ల్యాప్‌టాప్‌ను బతికిస్తారు. చేతిలో విద్య ఉంది, పరికరం ఉంది. ఫైల్ దొరకాలి. అది దొరకనప్పుడే కీబోర్డు మార్చాలి, బోర్డు మార్చాలి అన్న మాట వస్తుంది. చవక ల్యాప్‌టాప్‌కు బోర్డు మార్చడమంటే కొత్తది కొనడమే.

కాబట్టి కొనబోయేవాళ్లు ర్యామ్, డిస్కు అడిగినట్టే ఇంకో మాట కూడా అడగాలి. ఈ మోడల్ టచ్‌ప్యాడ్, కీబోర్డు అప్‌డేట్లు లినక్స్‌లో ఎక్కుతాయా? మోడల్ పేరుతో ఎల్‌వీఎఫ్‌ఎస్‌లో వెతికితే అయిదు నిమిషాల్లో తేలుతుంది. ఇప్పటికే ఉన్నవాళ్లు, ఇబ్బంది లేకపోతే అప్‌డేట్ జోలికి పోకండి. ఇబ్బంది ఉంటే పైపై సవరణలు చూసి, అప్పటికీ లొంగకపోతే ఫ్లాష్ చేయండి. ఆ పూట తొందర పనులు పెట్టుకోకండి. బయటి కీబోర్డు అరువు తెచ్చుకునైనా దగ్గర పెట్టుకోండి.

ఒక విన్నపం మన ఇంజినీరింగ్ కాలేజీల అధ్యాపకులకు. తెలుగు రాష్ట్రాల్లో ఎలక్ట్రానిక్స్ చదివిన చాలామంది మైక్రోకంట్రోలర్ ల్యాబ్‌లో 8051తో కుస్తీ పట్టినవాళ్లే. ఇంటెల్ దాన్ని 1980లో తెచ్చింది. కాలం చెల్లిన చిప్‌ను ఇంకా ఎందుకు నేర్పుతున్నారని పిల్లలు అడుగుతుంటారు. పైన్‌బుక్ ప్రో కీబోర్డు చిప్ ఆ 8051 వంశానిదే. మార్కెట్‌లో దొరికే ఎన్నో చవక కీబోర్డుల్లో ఉన్నవీ ఆ జాతివే. ఎల్‌ఈడీ మిణుకు మిణుకుమనిపించి మార్కులు వేసే ప్రయోగానికి బదులు, పాత కీబోర్డు ఒకటి విప్పి, గీతలు తడిమే ప్రోగ్రాము, తడబాటును వడపోసే ప్రోగ్రాము పిల్లల చేత రాయించండి. ఎస్‌డీసీసీ కంపైలర్ ఉచితం. సైనో వెల్త్ చిప్‌లను చదివి రాసే సాధనాలు సోర్స్‌తో సహా దొరుకుతున్నాయి. పాత కీబోర్డు ఏ కాలేజీ స్టోర్ రూములో చూసినా ఉంటుంది.